పాస్‌వర్డ్ పోయేది టైప్ చేసే దగ్గరే: మీ సిస్టంలో దొంగ చొరబడకుండా చూసుకోవడం ఎలా

ముందుగా ఒక మాట. మీ సిస్టంలో ఏదో తేడా ఉందని అనుమానం వస్తే, అదే సిస్టంలో కూర్చుని పాస్‌వర్డ్ మార్చకండి. చాలామంది కంగారులో చేసే మొదటి పని అదే. లోపల దొంగ ప్రోగ్రాం ఉంటే పాత పాస్‌వర్డ్‌తో పాటు కొత్తది కూడా మీ చేత్తో మీరే అప్పజెప్పినట్టవుతుంది. మార్చాలంటే ఫోన్లో మార్చండి, లేదంటే నమ్మకమైన వేరే సిస్టంలో. అదే సిస్టంలో మార్చక తప్పదంటే ముందు మిషన్ శుభ్రం కావాలి, పాస్‌వర్డ్ సంగతి ఆ తర్వాత.

మీరు ఒక అక్షరం నొక్కితే అది వెబ్‌సైట్‌కు చేరేలోపు నాలుగు మజిలీలు దాటుతుంది. కీబోర్డు వైరు, విండోస్, బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్ గడి, ఆ తర్వాత ఇంటర్నెట్. అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తు కాపాడేది ఈ చివరి మజిలీ ఒక్కదాన్నే. మొదటి మూడు చోట్ల మీ పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. అందుకే పన్నెండు అక్షరాలు పెట్టినా, మధ్యలో ఆశ్చర్యార్థకం ఇరికించినా, దొంగ ఈ మూడింటిలో ఎక్కడైనా కూర్చుంటే దాని గట్టిదనంతో పనే లేదు. మనం చేయాల్సింది ఈ మజిలీలను ఒక్కొక్కటిగా చూసుకుంటూ రావడం.

1. సీపీయూ వెనక్కి వంగి చూడండి

డెస్క్‌టాప్ అయితే ఇక్కణ్నుంచి మొదలుపెట్టండి. కీబోర్డు వైరు చివర ఉన్న యూఎస్‌బీ ప్లగ్గు నేరుగా సీపీయూలోకి వెళ్లాలి. మధ్యలో బొటనవేలంత ముక్క, కన్వర్టర్‌లాగానో చిన్న పెన్‌డ్రైవ్‌లాగానో ఏదైనా తగిలించి ఉంటే అది హార్డ్‌వేర్ కీలాగర్ కావచ్చు. నొక్కిన ప్రతి కీ దాని లోపలి మెమరీలో పడుతుంది. పెట్టినవాడు తర్వాత వచ్చి తీసుకుపోతాడు. వైఫై ఉన్న రకమైతే దగ్గర్లో నిలబడి దించుకుంటాడు. ఇది కీబోర్డుకూ సిస్టంకూ మధ్య మౌనంగా ఉంటుంది కాబట్టి యాంటీవైరస్‌కు సాధారణంగా కనిపించదు, దీన్ని పట్టుకునేది మీ కళ్లే. పాత గుండ్రటి పీఎస్2 పిన్ను కీబోర్డులకు కూడా ఇలాంటివి ఉన్నాయి.

ఇది ఇవాళ్టి ఉపాయం కాదు. మాస్కోలోని అమెరికా ఎంబసీలో, లెనిన్‌గ్రాడ్‌లోని కాన్సులేట్‌లో వాడిన ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్లలో సోవియట్ గూఢచారులు ఇలాంటి పరికరాలే అమర్చారు. 1984లో తనిఖీ చేస్తే 16 మిషన్లలో దొరికాయి. కంప్యూటర్ ఇంటింటికీ రాని రోజుల్లోనే టైప్ చేసే చోటును దొంగ కనిపెట్టాడు.

ఇంట్లో సొంత డెస్క్‌టాప్‌కు ఈ భయం తక్కువే. ఆఫీసులో, హాస్టల్లో, పదిమంది వాడే ల్యాబులో మాత్రం కూర్చునే ముందు ఒకసారి చెయ్యి పెట్టి చూడటం మంచిది. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డుకు ఈ రకం ప్లగ్గు తగిలించలేరు.

వైర్‌లెస్ కీబోర్డు వాడేవాళ్లకు ఇంకో సంగతి. 2016లో కీస్నిఫర్ పేరుతో బయటపడిన లోపం ప్రకారం కొన్ని చవక రకం కీబోర్డులు మీరు నొక్కిన అక్షరాలను ఏ ఎన్‌క్రిప్షనూ (వేరొకరు చదవలేని రూపంలోకి మార్చడం) లేకుండానే గాల్లోకి వదులుతాయి. వంద అడుగులు దాటిన దూరం నుంచి కూడా వాటిని పట్టుకోవచ్చు. కంపెనీ ఏదో తెలియని డాంగిల్ కీబోర్డు ఉంటే దాన్ని టీవీకి వాడుకోండి. బ్యాంకు పనికి మామూలు వైరు కీబోర్డే మేలు.

2. అది లోపలికి ఏ దారిన వస్తుందో తెలుసుకోండి

ఇళ్లలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ దొంగలదే. ఇవి రెండు రకాలు. కీలాగర్ మీరు నొక్కేది రాసుకుంటుంది. ఇన్ఫోస్టీలర్ అంతదాకా ఆగదు. బ్రౌజర్‌లో మీరు ఇదివరకే దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్నారని చెప్పే కుకీలు, అన్నీ మూటగట్టుకుని నిమిషాల్లో పంపేస్తుంది. కొన్నయితే ఆ వెంటనే తమను తామే చెరిపేసుకుంటాయి. రెడ్‌లైన్, లుమ్మా అనేవి ఈ రకానివే. రెడ్‌లైన్ సర్వర్లను 2024 అక్టోబర్‌లో, లుమ్మా డొమైన్లను 2025 మేలో పలు దేశాల పోలీసులు, కంపెనీలు కలిసి మూయించాయి. అయినా ఈ సరుకు అద్దెకు దొరికే వ్యాపారం కాబట్టి ఒకటి పోతే ఇంకొకటి వస్తుంది.

క్రాక్, యాక్టివేటర్. డబ్బు కట్టకుండానే సాఫ్ట్‌వేర్‌ను తెరిపిస్తామనే దొంగ ప్రోగ్రాంలు ఇవి. ఫొటో ఎడిటింగ్, డీటీపీ, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఉచితంగా అని చెప్పే వీడియో కింద లింకు ఉంటుంది. దించితే జిప్ ఫైలు వస్తుంది, దానికి 1234 లాంటి పాస్‌వర్డ్. లోపల ఒక నోట్: "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి". జిప్‌కు పాస్‌వర్డ్ ఎందుకు పెట్టారో ఆలోచించండి. తాళం వేసిన జిప్‌లోకి బ్రౌజర్ గానీ యాంటీవైరస్ గానీ తొంగిచూడలేవు, అందుకే. మనింటి కాపలా కుక్కను మనమే కట్టేసి దొంగకు తలుపు తీయమని రాసిన చీటీ అది. విండోస్ యాక్టివేట్ కాకపోతే మూలన నీటిముద్ర కనిపిస్తుంది, వాల్‌పేపర్ మార్చుకోలేరు, అంతే. దానికోసం యాక్టివేటర్ జోలికి పోవద్దు.

జిరాక్స్ షాపు పెన్‌డ్రైవ్. హనుమకొండ చౌరస్తాలోనో కరీంనగర్ బస్టాండ్ దగ్గరో ప్రింట్‌కని ఇచ్చిన పెన్‌డ్రైవ్ ఇంటికొచ్చాక తెరిస్తే ఫోల్డర్ల బొమ్మల మూలన చిన్న బాణం గుర్తు కనిపిస్తుంది. అసలు ఫోల్డర్లు దాక్కున్నాయి, వాటి పేరుతో షార్ట్‌కట్లు కూర్చున్నాయి. దానిమీద డబుల్ క్లిక్ చేస్తే వైరస్ ముందు నడుస్తుంది, ఆ తర్వాత ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఫోల్డర్ తెరుచుకుంది కదా అని మనకు అనుమానం రాదు. బాణం గుర్తు కనిపిస్తే ఏదీ నొక్కకండి. దిస్ పీసీలో పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ విత్ మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఎంచుకోండి. అన్నిటికంటే తేలికైన మార్గం ప్రింట్ల కోసమే ఒక చిన్న పెన్‌డ్రైవ్ విడిగా ఉంచుకోవడం. ఆ రోజు కావాల్సిన పీడీఎఫ్ ఒక్కటే అందులో వేసుకుని వెళ్లండి, వచ్చాక ఫార్మాట్ చేయండి. సర్టిఫికెట్ల స్కాన్లన్నీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను షాపు మిషన్‌కు పెట్టకండి.

పేరు మార్చుకున్న ఫైలు. హాల్‌టికెట్ అనో రిజల్ట్ అనో వచ్చిన పీడీఎఫ్ పేరు చివర ఇంకో తోక ఉండొచ్చు. విండోస్ ఆ తోకను మామూలుగా దాచేస్తుంది. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. ఆ తర్వాత పీడీఎఫ్ అనుకున్నది డాట్ ఈఎక్స్‌ఈ, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాం అని తేలితే నేరుగా డిలీట్.

ఈమధ్య వచ్చిన ఇంకో మోసం: "మీరు రోబో కాదని నిరూపించండి" అనే పేజీ. బొమ్మలు ఎంచుకోమనడానికి బదులు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అంటుంది. ఆ పేజీ అప్పటికే మీ క్లిప్‌బోర్డులో ఒక కమాండ్ పెట్టి ఉంచుతుంది. మీరు చేసేది వైరస్‌ను స్వయంగా నడపడం. ఏ నిజమైన క్యాప్చా కూడా కీబోర్డుతో విండోస్ కమాండ్లు నడపమని అడగదు.

3. సిస్టంను కడగండి

తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, దాని కింద స్కాన్ ఆప్షన్స్, అందులో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుని స్కాన్ నౌ నొక్కండి. సిస్టం రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే పావుగంట పాటు వెతుకుతుంది. మామూలు స్కాన్ కంటే ఇది ఎందుకు మేలంటే, విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కోగలిగే ప్రోగ్రాంలకు ఇక్కడ దాక్కునే అవకాశం తక్కువ. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే మొదలుపెట్టండి. ఫలితం ప్రొటెక్షన్ హిస్టరీలో ఉంటుంది.

ఆ తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. స్టార్టప్ యాప్స్‌లో పబ్లిషర్ పేరు ఖాళీగా ఉన్నవాటిని చూడండి. అనుమానం ఉన్నదాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కండి. టెంప్ ఫోల్డర్‌లోనో యాప్‌డేటాలోని అర్థంలేని అక్షరాల ఫోల్డర్‌లోనో తేలితే నమ్మొద్దు. అయితే యాప్‌డేటాలో ఉన్న ప్రతిదీ దొంగ కాదు, మంచి ప్రోగ్రాంలు కూడా చాలా అక్కడే ఇన్‌స్టాల్ అవుతాయి. తెలియనిదాన్ని ముందు డిసేబుల్ చేసి, రెండు రోజులు చూసి, ఆ తర్వాత తీసేయండి.

ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో, దూరం నుంచి మీ సిస్టంను నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి ఉన్నాయేమో చూడండి. ఎప్పుడో ప్రింటర్ రిపేరుకని ఎవరో పెట్టించి ఉంటారు, అవి అలాగే నడుస్తుంటాయి. అవసరం లేకపోతే తీసేయండి. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్స్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాంలు) పేజీ తెరిచి, "అన్ని వెబ్‌సైట్లలోని డేటా చదవగలదు, మార్చగలదు" అనే అనుమతి ఉన్నవాటిని లెక్కపెట్టండి. అలాంటి ఎక్స్‌టెన్షన్‌కు మీ పాస్‌వర్డ్ గడిలో ఏముందో చదవడం చిటికెలో పని. ఎందుకు పెట్టుకున్నారో గుర్తులేనిది ఉండాల్సిన పనిలేదు.

డిఫెండర్ ఆన్ చేయబోతే ఆన్ కాకపోవడం, సొంత సిస్టంలో "మీ సంస్థ దీన్ని నియంత్రిస్తోంది" అని కనబడటం మంచి సూచన కాదు. వేరే యాంటీవైరస్ ఏదీ లేకుండానే అలా ఉంటే స్కాన్లతో కాలక్షేపం వద్దు. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయట కాపీ చేసుకోండి. సెటప్ ఫైళ్లు ఒక్కటీ తీసుకోవద్దు. ఆ తర్వాత అంతా తుడిచి విండోస్ కొత్తగా వేయడమే: సెటింగ్స్, సిస్టం, రికవరీ, రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్, క్లౌడ్ డౌన్‌లోడ్. ఇది 4 జీబీకి పైగా డేటా లాగుతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉంటే ప్యాక్ చూసుకోండి.

స్కాన్‌లో ఏమీ దొరకలేదంటే సిస్టంలో ఇప్పుడు ఏమీ కనబడలేదనే అర్థం. నిన్న ఎత్తుకుపోయి వెళ్లిపోలేదని కాదు. క్రాక్ నడిపిన గుర్తు ఉంటే, స్కాన్ ఏం చెప్పినా పాస్‌వర్డ్‌లు మార్చాల్సిందే. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పొడిగింపు అప్‌డేట్లలో చేరకుండా దానిమీదే బ్యాంకు పనులు చేయడం చిల్లు పడ్డ కుండలో నీళ్లు పోసినట్టే.

4. పిల్లలకు వేరే అకౌంట్

ఇంట్లో ఒకటే సిస్టం, ఒకటే విండోస్ అకౌంట్, అందులోనే నాన్న బ్యాంకు, అందులోనే పిల్లవాడు దించుకునే గేమ్ మోడ్‌లు (గేమ్‌ను మార్చే ఫైళ్లు). ఇది మార్చాలి. సెటింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లో పిల్లలకు స్టాండర్డ్ యూజర్ అకౌంట్ చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్లకు చెప్పొద్దు. స్టాండర్డ్ అకౌంట్‌లో దిగిన వైరస్ ఆ అకౌంట్‌లో ఉన్నవాటిని దోచుకుంటుంది గానీ, మామూలుగా పక్క అకౌంట్‌లోని బ్రౌజర్ ఫైళ్లు దానికి అందవు. మీ సొంత అకౌంట్ స్టాండర్డ్ అయినంత మాత్రాన మీ పాస్‌వర్డ్‌లు భద్రం అని మాత్రం అనుకోకండి, మీ పేరుతో నడిచే ప్రోగ్రాం మీకు కనిపించేవన్నీ చూస్తుంది. లాభం విడదీయడంలో ఉంది.

5. తక్కువ టైప్ చేయండి

టైప్ చేయని పాస్‌వర్డ్‌ను కీలాగర్ రాసుకోలేదు. పాస్‌వర్డ్‌లన్నీ ఒకే తాళం కింద దాచి, గడిలో తానే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ చేసే మేలు ఇదే. బిట్‌వార్డెన్ ఉచితం, ఫోన్లోనూ సిస్టంలోనూ కలిసి పనిచేస్తుంది. క్లౌడ్ వద్దనుకుంటే కీపాస్ పాస్‌వర్డ్‌లన్నీ మీ దగ్గరే ఒక తాళం వేసిన ఫైలులో పెడుతుంది, ఆ ఫైలు బ్యాకప్ బాధ్యత మీదే. మేనేజర్ ఎక్స్‌టెన్షన్ ఇంకో పని కూడా చేస్తుంది. బ్యాంకు పేజీలాగే ఉన్న దొంగ పేజీలో అది పాస్‌వర్డ్ నింపదు, ఎందుకంటే అది చూసేది అడ్రస్‌ను, రంగులను కాదు. ఎప్పుడూ నింపేది ఈసారి నింపకపోతే చేత్తో కొట్టేయకుండా అడ్రస్ చదవండి. మన బ్యాంకుల అడ్రస్‌లు రిజర్వ్ బ్యాంకు ఆదేశం మీద డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మారాయి, చివర అది ఉందో లేదో చూడటం ఇప్పుడు తేలిక.

మరి క్రోమ్‌లోనే సేవ్ చేసుకుంటే? చాలాకాలం దాకా, మీ అకౌంట్‌లో నడిచే ఏ ప్రోగ్రాం అడిగినా విండోస్ ఆ తాళం తీసి ఇచ్చేది. ఇన్ఫోస్టీలర్ల వ్యాపారమంతా దీనిమీదే నడిచింది. 2024 జూలైలో వచ్చిన క్రోమ్ 127 నుంచి, ముందు కుకీలతో, తాళాన్ని బ్రౌజర్‌కే ముడిపెట్టే ప్రయత్నం మొదలుపెట్టారు, దొంగలూ దాన్ని తప్పించే దారులు వెతుకుతూనే ఉన్నారు. ఇంట్లో అందరూ వాడే సిస్టంలో బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో ఉంచకపోవడమే మా సలహా.

మేనేజర్ తాళం ఒక్కటి మాత్రం మీరు గుర్తుపెట్టుకోవాలి. సంబంధం లేని ఐదారు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి. ఏదైనా పుస్తకం ఐదు చోట్ల గుడ్డిగా తెరిచి వేలు పడ్డ మాట తీసుకోవచ్చు: "గొడుగు చింతకాయ రశీదు మేకపిల్ల తొందర". ఇది ఇక్కడ అచ్చయింది కాబట్టి ఇది మాత్రం వాడకండి. ఊరి పేరు, కుల దేవత పేరు, పాట పల్లవి వద్దు.

మేనేజర్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేసే అలవాటుంటే విండోస్ కీ, వీ కలిపి నొక్కి చూడండి. క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉంటే చివరిగా కాపీ చేసిన 25 దాకా అక్కడే వరుసగా ఉంటాయి, పాస్‌వర్డ్ కూడా ఉండొచ్చు. క్లియర్ ఆల్ కొట్టి, సెటింగ్స్‌లో ఆపేయండి.

తెర మీది కీబోర్డు గురించి భ్రమ ఎక్కువ. విండోస్ ఇచ్చే ఆన్‌స్క్రీన్ కీబోర్డు వైరు మధ్యలోని ముక్కను తప్పిస్తుంది, కానీ సిస్టంకు మామూలు కీ నొక్కినట్టే చెబుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ కీలాగర్‌కు దొరికిపోతుంది. బ్యాంకు పేజీలోనే వచ్చే కీబోర్డు దానికంటే మెరుగు, అయినా క్లిక్ చేసినప్పుడల్లా తెర ఫొటో తీసే రకానికీ, గడిలో పడ్డాక చదివే రకానికీ అడ్డు కాదు. అక్షరాలు వెనకాముందూ కొట్టి మౌస్‌తో సర్దే చిట్కా కూడా అంతే, పాత కీలాగర్లను మాత్రమే తికమక పెడుతుంది.

6. రెండో తాళం

పాస్‌వర్డ్ పోయినా లోపలికి రానివ్వకుండా ఆపేది ఇదే. ఎస్‌ఎంఎస్ ఓటీపీ ఏదీ లేనిదానికంటే నయం. ఆథెంటికేటర్ యాప్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ ఇంకా నయం. ఈ రెంటినీ దొంగ పేజీలో మీరే కొట్టే ప్రమాదం ఉంది. పాస్‌కీకి (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా సిస్టం తాళంతోనే లాగిన్ అయ్యే పద్ధతి) ఆ బెడద లేదు, అది తన వెబ్‌సైట్ అడ్రస్‌కు కట్టుబడి ఉంటుంది, వేరే చోట పనిచేయదు. జీమెయిల్‌కు ఇవాళే పెట్టుకోండి.

ఒక లోటు ఉంది. మీరు లాగిన్ అయ్యాక బ్రౌజర్‌లో మిగిలే కుకీని ఎత్తుకెళ్తే రెండో తాళం అడగకుండానే లోపలికి పోవచ్చు. అందుకని మెయిల్, బ్యాంకు, పెట్టుబడుల సైట్లలో పని అయ్యాక ట్యాబ్ మూయడంతో సరిపెట్టక సైన్ అవుట్ నొక్కండి.

7. నెట్ సెంటర్

ఈఏపీసెట్, డోస్ట్ (తెలంగాణ డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాలు), స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో నయీంనగర్‌లోనైనా జగిత్యాలలోనైనా నెట్ సెంటర్ తప్పదు. అక్కడి మిషన్‌లో ఇన్‌కాగ్నిటో తెరిస్తే చాలనుకోవద్దు. అది హిస్టరీని దాస్తుంది, కీలాగర్‌ను కాదు. వీలైతే ఫారం మీ ఫోన్లోనే నింపి, పీడీఎఫ్ మాత్రమే ప్రింట్‌కు ఇవ్వండి. ప్రింట్ కోసం షాపు మిషన్‌లో వాట్సాప్ వెబ్ తెరిస్తే, గడప దాటేలోపే ఫోన్లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి దాన్ని లాగవుట్ చేయండి.

ఎవరూ పట్టించుకోని అసలు చిక్కు ఇంకోటి. విద్యార్థి జీమెయిల్‌ను సెంటర్ అతనే చేసి ఇస్తాడు. పాస్‌వర్డ్ పిల్ల పేరు, దాని వెనక ఎట్ 123. అదే ఒక నోటుబుక్కులో, హాల్‌టికెట్ నంబర్ పక్కన. అతనికి దురుద్దేశం ఉండకపోవచ్చు, రేపు మళ్లీ వస్తే పని తొందరగా కావాలని రాసుకుంటాడు. కానీ రికవరీ ఫోన్ నంబర్ కూడా అతనిదే అయితే, మీరు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఆ అకౌంట్ మీద ఇంకొకరి చెయ్యి ఉన్నట్టే. ఇంటికెళ్లగానే ఫోన్లో గూగుల్ అకౌంట్, సెక్యూరిటీ తెరిచి రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ రెండూ మీవేనా చూడండి. యువర్ డివైసెస్‌లో సెంటర్ సిస్టం ఉంటే సైన్ అవుట్ చేయండి. తర్వాత పాస్‌వర్డ్, డోస్ట్ పిన్ మార్చండి. ఈ వరుస మార్చకండి.

8. పోయిందని తెలిస్తే

సిస్టంకు నెట్ తీసేయండి. ఫోన్ తీసుకుని ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, మిగతావన్నీ దాని మీద ఆధారపడి రీసెట్ అవుతాయి. అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి, లేకపోతే దొంగ దగ్గరున్న కుకీ ఇంకా బతికే ఉండొచ్చు. జీమెయిల్ సెటింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్స్ చూడండి. మీ మెయిళ్లు గుట్టుగా వేరే అడ్రస్‌కు పోయేలా దొంగ అక్కడ ఒక రూల్ పెట్టి వెళ్తుంటాడు, పాస్‌వర్డ్ మార్చినా అది పోదు. ఆ తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. ఒకే పాస్‌వర్డ్ వాడిన ప్రతి చోటా వేర్వేరు పెట్టండి.

డబ్బు కదిలి ఉంటే పాస్‌వర్డ్ పనంతా పక్కనపెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి, తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగి, సమాచారం అందిన మూడు పనిదినాల్లో మీరు చెబితే నష్టం మీ మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే పరిమితికి లోబడి కొంత పడుతుంది. పాస్‌వర్డ్, ఓటీపీ మీరే ఇచ్చారని తేలితే చెప్పేదాకా జరిగిన నష్టం మీదే, చెప్పాక జరిగేది బ్యాంకుది. అందుకే బ్యాంకుకు ఎన్ని గంటలకు చెప్పారో రాసి పెట్టుకోండి. లావాదేవీ యూటీఆర్ నంబర్, వచ్చిన ఎస్‌ఎంఎస్‌లు, తెర ఫొటోలు తుడిచేయకండి. పోలీసులకు చూపించే అవసరం ఉంటే సిస్టంను రీసెట్ కొట్టడం కూడా అప్పటిదాకా ఆపండి.